ఎర్రలైటు మీద బొట్టు

దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సెక్కీ ఎక్కగానే ఫోన్లో మా మేనేజర్ మీద విరుచుకుపడ్డాను.

"మూడో డిస్కు పోతోందని సర్వర్ రాసుకునే లాగ్‌లో వారం నుంచి ఎర్రర్లు వస్తూనే ఉన్నాయి సార్! నేను చెప్తే మీరేమన్నారు? డిస్కు పాడైతే ఎర్రలైటు వెలగాలి, వెలగట్లేదు, కాబట్టి లాగ్‌దే తప్పన్నారు. ఇవాళ గోకి చూస్తే లైటు వెలుగుతూనే ఉంది, ఆయుధపూజకి మీరు పెట్టిన గంధం బొట్టు కింద! డేటా పోయాక ఇప్పుడు తప్పు నాదా?"

ఆయన ఫోన్ పెట్టేశాడు.

పక్కసీట్లో మా అమ్మ వయసావిడ, ఒళ్లో సంచి పెట్టుకుని కూర్చుంది. అంతా విన్నట్టుంది.

"అది చెప్తనే ఉన్నదా బిడ్డా?"

"వారం నుంచీ చెప్తోందమ్మా. ఒక్కడూ పట్టించుకోలేదు."

"ఎట్ల పట్టించుకుంటరు? మా ఇంట్ల నాకు గూడ పండుగకు బొట్టు పెట్టి కాళ్లు మొక్కుతరు. కడుపుల నొప్పి అంటే మాత్రం, మంచిగనే కనవడ్తున్నవ్ గదా అంటరు. గందుకే దవాఖానకు నేనొక్కదాన్నే పోతున్న."

ఆ గొంతులో నాకంటే ఎక్కువ కోపముంది. సంచిలో ఫోన్ మోగింది. తీసి, పేరు చూసి, కట్ చేసింది. ఎల్బీనగర్‌లో వెనక్కి చూడకుండా దిగిపోయింది.

మరుసటి దసరాకి మా మేనేజర్ గంధం గిన్నెతో సర్వర్ ముందుకొచ్చాడు. ఆయన వేలు డిస్కు దాకా వెళ్లేలోపే చెయ్యి పట్టుకుని ఆపేశాను.

"ముందు అదేం చెప్తోందో చదవండి సార్. బొట్టు తర్వాత."