దుబాయి పౌడరు, బకెట్ నీళ్లు

కొత్తగా తల్లయిన ఆ రోజుల్లో నాకు తెలివి పెరగలేదు గానీ అనుమానం మాత్రం పెరిగింది. డిగ్రీలో కెమిస్ట్రీ చదివినందుకు అది రెండింతలు. మావాడికి మూడో నెల. దుబాయిలో ఉన్న వాళ్ల నాన్న కొడుకును ఇంకా చూడలేదు. ఊరికొస్తున్న స్నేహితుడి చేత ఒక పౌడరు డబ్బా పంపాడు. ఎల్లారెడ్డిలో మా అత్తమ్మ రోజూ వాణ్ని కాళ్ల మీద పండబెట్టి స్నానం చేయించి, ఆ పౌడరు రాస్తూ "మీ నాయిన చెయ్యిరా ఇది" అనేది. ఆ తర్వాత నిప్పుల మీద ఊదు వేసి పొగ పట్టేది.

డబ్బా మీద అంతా అరబ్బీ, ఓ మూల అంటించిన ధర చీటీ. అందులో ఏం కలిపారోనని (ఊరుకుంటే ఏమయ్యేది?) డబ్బా ఫొటో తీసి ఫోన్‌లో వెతికాను. ఏదో వెబ్‌సైట్‌లో ఆ పౌడరు పేరు కింద సోడియం హైడ్రైడ్ అని ఉంది. నీళ్లు తగిలితే మండే పదార్థం! తలెత్తి చూస్తే తడి ఆరని పిల్లవాడు, పక్కనే కణకణలాడే నిప్పులు, అత్తమ్మ చేతిలో డబ్బా. "అత్తమ్మా, ఆగుండ్రి! అది అంటుకుంటది!" అని అరిచి, పిల్లవాణ్ని పక్కింట్లో ఇచ్చొచ్చాను. వాకిట్లో బకెట్ నీళ్లు పెట్టి, అత్తమ్మను దూరంగా నిలబెట్టి, మొహానికి చేట అడ్డం పెట్టుకుని (వెదురు చేట కూడా మండుతుందని తట్టలేదు) చెంచాడు పౌడరు నీళ్లలో వేశాను. తెల్లగా తేలింది, అంతే.

"అయిపోయినయా నీ పటాకులు?" అంది అత్తమ్మ. "ఇరవై రోజుల సంది తడి ఒంటికి రాసి నిప్పుల మీద పొగ పడుతున్న. అంటుకునేదైతే నేను గిట్ల నిలవడి ఉందునా?" అయినా పారేద్దామన్నాను. ఆమె నవ్వు ఆగిపోయింది. "వద్దు బిడ్డా. పోరనికి ఆడు పంపింది గిదొక్కటే."

కామారెడ్డిలో మాకు పాఠం చెప్పిన సార్‌కి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. "సోడియం హైడ్రైడ్‌ని నూనెల ముంచి దాస్తరమ్మా, గాలిల తేమ తగిలినా ఊకుండదు. పౌడర్ల ఎవరు కలుపుతరు? రాసినోడు తప్పు రాసిండు. డబ్బా మీద ధర చీటీ ఉంటే పీకి కింద ఏమున్నదో చూడు" అన్నారు. మళ్లీ ఆగి, "నిజంగ అదే అనుకుంటే నీళ్లల్ల ఎట్ల ఏసినవ్? నీకు మార్కులెవరేసిన్రు?"

"మీరే సార్."

చీటీ కింద ఇంగ్లిష్‌లో రెండే మాటలు: మొక్కజొన్న పిండి, సువాసన. "మక్క పిండా!" అని అత్తమ్మ నడుం పట్టుకుని నవ్వింది. "మన చేన్ల లేదనా, దుబాయి నుంచి పంపిండు?"

అయినా డబ్బా అడుగున చిటికెడు మిగిల్చి దాచింది. మావారు వచ్చిన మర్నాడు అది ఆయన అరచేతిలో పోసింది. ఆయన దాన్ని మెల్లగా కొడుకు వీపంతా రాశాడు. అత్తమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. నేను మాత్రం ఎవరూ చూడకుండా నిప్పుల కుంపటిని జానెడు అవతలికి జరిపాను.