కొత్త గౌను

గల్ఫ్ దేశంలో, బుదైయా అనే ఊళ్ళో నేను పనిచేసే ఇంటి పాప కొత్త గౌను ఇస్త్రీ చేస్తుంటే కొత్తబట్ట వాసన గుప్పుమంది. ఆ వాసనకు ఇప్పటికీ నా పళ్ళు బిగుసుకుంటాయి.

నేను పెరిగింది గోదావరి పక్క పల్లెలో, ఒక అనాథాశ్రమంలో. దాతలు వచ్చిన రోజున వార్డెనమ్మ మాకు కొత్త గౌన్లు తొడిగి ఫొటోలకు నిలబెట్టేది. వాళ్ళ కారు కదలగానే, "విప్పండే! మళ్ళీ ఎవరైనా వస్తే వేసుకుందురుగాని" అంటూ బీరువాలో పెట్టేసేది. మొదటిసారి నేను గౌను మీద పప్పు ఒలకబోసుకున్నందుకే తీసేసుకుందనుకున్నాను. అందుకని ఇంకోసారి దాతలొచ్చినప్పుడు అన్నం ముట్టలేదు, మరక పడకుండా గోడ పక్కన కదలకుండా కూర్చున్నాను. అయినా విప్పించేసింది.

ఆకలితో ఏడుస్తూ ఆమె మీద పగబట్టాను. ఆ తర్వాత వచ్చిన దాతల్లో ఒక పెద్దావిడ నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, "గౌను నచ్చిందా అమ్మా?" అని అడిగింది.

అందరికీ వినబడేలా చెప్పాను. "నచ్చిందండీ. మీరెళ్ళిపోగానే వార్డెనమ్మగారు లాగేసుకుంటారండీ."

వార్డెనమ్మ ముఖం పాలిపోయింది. పెద్దావిడ అప్పటికప్పుడు బీరువా తెరిపించి, ఎవరి గౌన్లు వాళ్ళకు ఇప్పించిగానీ కదల్లేదు. తర్వాత తిన్న దెబ్బలు నాకు తియ్యగానే ఉన్నాయి.

అంతమంది పిల్లలకు రోజూ అన్నం వండిపెట్టింది కూడా ఆ వార్డెనమ్మేనని ఇప్పుడు తెలుసు. అయినా క్షమించలేదు. ఇక్కడి తెలుగు ఆడవాళ్ళం కలిసి ఏటా ఆ ఆశ్రమానికి గౌన్లు పంపుతాం. ప్రతి గౌను మెడపట్టీ మీద అది వేసుకోబోయే పిల్ల పేరు ఎర్రదారంతో నేనే కుడతాను, ఎవరూ ఊడదీయలేనంత గట్టిగా.