తప్పు నాదేనండి!

వకీలు వరాహనరసింహంగారికి ఉన్నది ఒకటే జబ్బు. ఎక్కడ ఏ పొరపాటు జరిగినా "తప్పు నాదేనండి" అనేవారు.

రాయగడ రైలు ఆలస్యమైతే ప్లాట్‌ఫారం మీద జనానికి క్షమాపణ చెప్పేవారు. కోర్టులో కరెంటు పోతే లేచి నిలబడి జడ్జిగారికి దండం పెట్టేవారు. పెళ్ళి భోజనంలో సాంబారు ఉప్పగా ఉంటే వంటవాడి కంటే ముందు ఆయనే ఒప్పుకునేవారు.

"మా ఇంట్లో దెబ్బలాటే నేదమ్మి," అనేవారు ఆయన భార్య శ్యామలాంబగారు. "నేను నోరు తెరిసేలోగానే ఒప్పేసుకుంతారు. ఇంక దేనికి తిట్టాల?"

ఒడిశాలోని కోరాపుట్‌లో ఆయన చేసేవి పెళ్ళి రిజిస్ట్రేషన్లు, దత్తతలు, పాస్‌పోర్టులు, వీసాలు. నేను హైదరాబాదులో చదివి, పెళ్ళయ్యాక ఈ ఊరొచ్చి, ఆయన దగ్గర జూనియర్‌గా చేరాను. పక్క వకీళ్ళు నవ్వుతుంటే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. వాదించి గెలవాల్సిన మనిషి పొద్దున్నుంచి తప్పులు ఒప్పుకుంటుంటే సిగ్గుగా ఉండదూ!

ఒకరోజు దామంజోడి నుంచి సూర్యప్రకాష్, ధనశ్రీ వచ్చారు. అతనికి మస్కట్‌లో ఉద్యోగం దొరికింది. దత్తత తీసుకుంటున్న మూడేళ్ళ పాపని కూడా తీసుకెళ్ళాలి. కాగితాలు రాసింది నేనే.

"పాప పేరు?" అన్నాను.

సరిగ్గా అప్పుడే పాప నా స్టాంపు ప్యాడ్ నోట్లో పెట్టుకోబోయింది. "అమ్మీ!" అని అరిచింది ధనశ్రీ.

నేను 'అమ్మి' అని రాసేశాను. ఈ వైపు ఆడపిల్లల్ని పిలిచే మాటది; శ్యామలాంబగారు నన్ను రోజూ అలాగే పిలుస్తారు. అయినా బుర్రకి తట్టలేదు. పక్కనే ఉన్న జనన ధ్రువపత్రంలో 'మేధ' అని ఉంది. అదీ చూడలేదు.

దత్తత ఉత్తర్వు కూడా 'అమ్మి' పేరుతోనే వచ్చింది. రెండు పేర్లు కలవక పాస్‌పోర్టు ఆగింది. శుక్రవారంలోగా సవరించకపోతే వీసా గడువు దాటిపోతుంది. అప్పుడు తండ్రి మస్కట్‌లో, తల్లీబిడ్డలు ఇక్కడ.

అందరం ఉత్తర్వు ఇచ్చిన అధికారి ముందు నిలబడ్డాం. "పేరు తప్పుగా చెప్పిందెవరు?" అన్నాడాయన.

ధనశ్రీ పాపని గట్టిగా హత్తుకుని, "పిల్లని ఎనక్కి తీసేసుకుంతారేటండీ?" అని నా చెవిలో గొణిగింది.

నేను నోరు విప్పాలి. విప్పలేదు. ఫైల్లో ఏదో వెతుకుతున్నట్టు తల దించుకున్నాను.

"తప్పు నాదేనండి," అన్నారు సార్ ఒడియాలో. "ఆవిడ సరిగ్గానే చెప్పారు. నాకే అలా వినబడింది."

ముప్ఫై ఏళ్ళ ప్రాక్టీసుండి పిల్ల పేరు రాయడం రాదా అని అధికారి పావుగంట చీవాట్లు పెట్టాడు. సార్ సన్మానసభలో కూర్చున్నట్టు తలూపుతూ విన్నారు. సాయంత్రానికి సవరణ చేతికొచ్చింది.

బయటికొచ్చాక, "సార్, తప్పు నాదండి. అధికారి ముందు నేనే ఒప్పుకోవాల్సింది," అన్నాను.

"ఆ మాట నాదమ్మి! నువ్వట్టుకుపోతే నాకేటి మిగులుద్ది?" అని నవ్వారు. "నువ్వు కొత్త వకీలువి, ఆవిడ కొత్త తల్లి. నాకైతే అలవాటే."

ఆయన్ని చూసి సిగ్గుపడ్డ రోజులన్నీ గుర్తొచ్చి నామీద నాకే సిగ్గేసింది.

మొన్న మస్కట్ నుంచి ధనశ్రీ వీడియో కాల్ చేసింది.

"ఏటి సార్ ఇది? గ్లాసు పగిలినా, పక్కింటోళ్ళ పిల్లి అరిసినా, మా మేధ 'తప్పు నాదే' అంతంది. ఎవుళ్ళు నేర్పేరు?"

సార్ చెంపలు వేసుకున్నారు. "తప్పు నాదేనమ్మా!"

ఇన్నేళ్ళలో ఆ మాట నిజం కావడం అదే మొదటిసారి.