ఓడ మీద పెద్దదినం

డబ్లిన్ శివారు క్లాండాల్కిన్‌లోని గిడ్డంగిలో షిఫ్టు ముగించుకుని బయటపడేసరికి యోనాకి భుజాలు రెండూ చచ్చుబడి ఉన్నాయి. ఇంటికి పోయి ఇంత అన్నం తిని నడుం వాల్చాలని ప్రాణం కొట్టుకుంటోంది. కానీ అది గురువారం. గురువారాలు ఆయన డబ్లిన్ రేవుకి వెళ్లి, వచ్చిన ఓడలెక్కి, నావికులను పలకరించి వస్తాడు. రేవులోని క్రైస్తవ సేవాకేంద్రం వాళ్లు ఒక పాసు, ఒక పసుపు కోటు, ఒక సంచి ఇచ్చారు. జీతమంటూ ఏమీ లేదు.

యోనాది బాపట్ల దగ్గర పల్లె. భార్య కృపావతికి ఇక్కడ వృద్ధులను చూసుకునే పని దొరికితే ఆమె వెంట వచ్చాడు. మొదటి చలికాలం ఉద్యోగం లేక, పలకరించే మనిషి లేక, కిటికీ దగ్గర కూర్చుని రోడ్డు చూసేవాడు. పక్కింటి ఐరిష్ ముసలామె అది గమనించింది. ఒకరోజు వేడి రొట్టె గుడ్డలో చుట్టి తెచ్చి, "అంతా గ్రాండ్ అవుతుందిలే" అని, అన్నీ సర్దుకుంటాయన్న అర్థంలో, చేతిలో పెట్టి పోయింది. ఆమె పేరు కూడా అప్పటికి తెలియదు. అలా ఒకరి తలుపు తట్టడం తనకూ చేతనవుతుంది కదా అనుకున్నాడు యోనా. ఆయన సేవ అలా మొదలైంది.

ఆ గురువారం పొద్దున్నంతా వాన. పశువుల దాణా తెచ్చిన ఓడ ఒకటి, దాణా తడవకుండా మూతలు వేసుకుని ఆగిపోయి ఉంది. మధ్యాహ్నానికి వాన వెలిసింది. క్రేన్లు మళ్లీ కదిలాయి. చీకటి పడేలోగా సరుకు దింపేసి వెళ్లిపోతుందన్నారు. యోనా పక్క తాళ్లు పట్టుకుని ఓడ నిచ్చెన ఎక్కాడు.

పైన కాపలా ఉన్న గోవా కుర్రాడు ఆయనది ఆంధ్ర అని తెలియగానే, "అంకుల్, మీ భాషవాడు ఇంజన్ గదిలో ఒకడున్నాడు. తల్లి పోయింది. ఎవరితోనూ మాట్లాడడు, సరిగా తినడు. కాస్త చూడండి" అన్నాడు హిందీలో.

భోజనాల గదిలో బల్ల ముందు కూర్చుని ఉన్నాడు ఆ మనిషి. నలభై దాటి ఉంటాయి. ముందు టీ చల్లారిపోయి ఉంది.

"ఏ ఊరు బాబూ మనది?" అన్నాడు యోనా.

ఆ మనిషి తలెత్తాడు. తెలుగు విని కళ్లు నిండిపోయాయి. "సీకాకుళం కాడ పల్లె బాబూ. నా పేరు పున్నయ్య. మాయమ్మ ఎల్లిపోనాదండి. నాను నడిసముద్రంలో ఉండిపోనాను. అగ్గి మా సిన్నాన కొడుకు ఎట్టినాడు."

యోనా పక్కనే కూర్చున్నాడు. అలవాటు ప్రకారం, "ప్రార్థన చేయమంటావా?" అని అడిగాడు.

"సేద్దురుగాని బాబూ. ముందు నాకో సాయం సేసి ఎల్లండి. ఇయ్యాల మాయమ్మ పెద్దదినం, పదకొండో రోజు. ఒక్కడే కొడుకుని. గుండు సేయించుకోవాల. మద్దేనం ఎవురిదో ఫోన్లో ఈడియో సేత్తే మావోళ్లందరూ నా తలకాయే సూసినారు. మా పెద్దక్క ఒకటే ఏడుపు."

"ఆ గోవా కుర్రాణ్ణి అడగలేదా?"

"జుట్టు తీసే మిసనుందన్నాడు. నవ్వుతా అన్నాడు బాబూ, కటింగ్ సేసినట్టు. నాకు మనసొప్పలేదు. దిగి ఎల్దామంటే వదలరు. ఓడ కదిలిపోతే ఇంకేటుంది? రేపు సేసుకుంటే అది మాయమ్మకి అందుతాదా?"

పున్నయ్యకి తెలియని సంగతి ఒకటుంది. యోనా తండ్రి మంగలి. కాలవ ఒడ్డున పెద్దదినాలకి ఆయనే కత్తి పట్టేవాడు. బాప్తిస్మం తీసుకున్నాక ఆ ఒక్క పనీ మానేశాడు. పెళ్లిళ్లకి పోయేవాడు, గడ్డాలు గీసేవాడు, కర్మలకి మాత్రం రానన్నాడు. దాంతో కల్లం దగ్గర ఆయనకి కొలిచే గింజలు తగ్గిపోయాయి. ఇంట్లో పొయ్యి వెలగని రోజులు యోనాకి గుర్తే. తండ్రి అంత కష్టపడి వదిలిన పని. పైగా ఇక్కడి తెలుగు క్రైస్తవ సహవాసంలో, ఈ కర్మకాండలు వ్యర్థమని కుర్రాళ్లకి పాఠం చెప్పేది తనే.

"నేను ప్రభువును నమ్ముకున్నవాణ్ణి పున్నయ్యా. ఇది నేను చేయవచ్చునో లేదో..."

"మీ దేవుడు కోప్పడతాడేటి బాబూ?" అన్నాడు పున్నయ్య. వెటకారం లేదు, నిజంగానే అడిగాడు.

బయట క్రేను చప్పుడు ఆగింది. సరుకు దింపడం అయిపోయినట్టుంది, ఎవరో ఇనుప మూతలు లాగుతున్నారు. యోనాకి చాలా అలసటగా అనిపించింది. వాదించడానికి, తనతో తాను వాదించుకోవడానికి కూడా ఓపిక లేదు. శిష్యుల పాదాలు కడిగిన ప్రభువు మాత్రం కళ్ల ముందు మెదిలాడు. సంచి విప్పి నావికులకు పంచే బ్లేళ్లు, సబ్బు తీశాడు.

"గిన్నెతో నీళ్లు పట్టుకురా. కాస్త వేడివి."

స్నానాల గదిలో పున్నయ్య పీట లేక బకెట్టు బోర్లించి కూర్చుని తల వంచాడు. యోనా నీళ్లు చల్లి, మెల్లగా నెత్తి మర్దించాడు. బ్లేడు నుదుటి నుంచి వెనక్కి లాగాడు. చెవి వెనక చిన్న గాటు పడింది.

"తెగింది బాబూ."

"తెగదూ? ఇది గడ్డం గీసుకునే బ్లేడు. కదలకుండా కూర్చో."

పున్నయ్య నవ్వబోయి ఏడ్చాడు. యోనా ఒక చేత్తో ఆ తల ఆన్చుకుని, ఏడుపు తగ్గేదాకా ఆగి, మళ్లీ గీశాడు.

తల మీద నీళ్లు పోసుకుని, తెల్ల బనీను వేసుకుని, యోనా సంచిలోంచి తీసి ఇచ్చిన సిమ్ముతో పున్నయ్య ఇంటికి వీడియో ఫోన్ చేశాడు. ఫోన్లోంచి ఆడవాళ్ల గోల వినిపించింది. తర్వాత ఒక ముసలి గొంతు, పెద్దక్కే కాబోలు, "సాల్లే నాన్నా, అయిపోనాది. ఇంక ఇంత మెతుకు తిను" అంది. యోనా తెరకి కనబడకుండా గుమ్మం పక్కకి జరిగి, నేల మీది వెంట్రుకలు కాగితంలోకి ఎత్తాడు.

ఇంజన్ గదికి పిలుపొచ్చింది. పున్నయ్య కాళ్లకి దండం పెట్టబోతే యోనా భుజాలు పట్టుకుని ఆపాడు. ప్రార్థనకి వ్యవధి లేకపోయింది.

ఇంట్లో కృపావతి రాత్రి డ్యూటీకి జడ వేసుకుంటోంది. "ఇంత ఆలస్యమేంటండీ? ప్రార్థన బాగా జరిగిందా?"

"ప్రార్థన కాలేదు కృపా. గుండు చేసొచ్చాను."

సంగతంతా విని ఆమె దువ్వెన పక్కన పెట్టింది. కాసేపు ఆయన చేతులకేసి చూసింది. "అన్నం తినండి ముందు" అని చారు వేడి చేసి వడ్డించింది. "ఆదివారం సంఘం పెద్దలకి చెప్తారా?"

"అడిగితే చెప్తాను."

"అడక్కపోయినా చెప్పండి. మీ సంగతి నాకు తెలీదూ? చెప్పేదాకా మీకు నిద్ర పట్టదు."

జవాబు రాకపోయేసరికి వెనక్కి తిరిగి చూసింది. కంచం ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే నిద్రపోయాడు. ఆమె కంచం మీద మూత పెట్టి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరకు వేసి, బస్సుకి నడిచింది.