వీరేశం సారు రాయనన్న మాట

మధ్యాహ్నం రెండింటికి మళ్లీ బండ పేల్చారు. కిటికీ అద్దాలు అదిరాయి. కాసేపటికి కాలిన మందూ పగిలిన రాయీ కలిసిన వాసన గదిలోకి వచ్చి గొంతులో పట్టుకుంది. రాయదుర్గం మెట్రో స్టేషను వెనక ఇంకో అద్దాల మేడకు పునాది తీస్తున్నారట. ఇంకా ఎన్నాళ్లని కిందికి ఫోన్ చేసి అడిగితే వాచ్‌మన్ "ఇంకో నెల పడతదమ్మా, జర కిటికీలు బందు పెట్టుకోండ్రి" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఎనభై తొమ్మిదేళ్ల మనిషికి కోపం మంచిది కాదని డాక్టరు ప్రతిసారీ చెబుతాడు. చెప్పనీ. వాళ్లు పేలుస్తున్న ఆ గుట్టలోని బండ మీదే, అరచేతి వెడల్పు చోటులో, బొగ్గుముక్కతో నేను మొదటి ఇంగ్లీషు అక్షరం రాశాను. రాయించిన మనిషి పేరు వీరేశం సారు. ఆయన ఫొటో ఎవరి దగ్గరా లేదు. ఆయన్ని చూసినవాళ్లలో బతికున్నది నేనొక్కదాన్నే అనుకుంటాను. కాబట్టి రాయాల్సింది నేనే.

రాయదుర్గం పక్కనే ఉండేది మా పల్లె. నలభై ఇళ్లు, చుట్టూ ఏనుగుల్లా పడుకున్న బండలు, మధ్యలో జొన్న చేలు. వీరేశం సారు సికింద్రాబాదులో ఒక బారిష్టరు దగ్గర ఇరవై ఏళ్లకు పైగా కాగితాలు నకలు రాసి, ఒక రోజు ఆ పని వదిలేసి, మా ఊళ్లో ఉన్న చెల్లెలి ఇంటికి వచ్చేశాడు. బక్కపలచటి మనిషి. ఎండాకాలంలో కూడా మెడదాకా గుండీలు పెట్టిన నల్లకోటు వేసుకునేవాడు. చెల్లెలి ఇంటి వెనక బండ మీద మా ఊరి పిల్లలను ఏడెనిమిది మందిని కూర్చోబెట్టి ఇంగ్లీషు చెప్పేవాడు. ఆడపిల్లను నేనొక్కదాన్నే. నాకు అన్నదమ్ములు లేరు. "కాయితం సదివెటోళ్లు ఇంట్ల ఒక్కలుండాలె" అని మా నాయిన మల్లయ్య నన్ను తోలుకుపోయి అక్కడ కూర్చోబెట్టాడు.

సారు కోపిష్టి అని ఊరంతా అనేది. నిజమే. కానీ ఆయన మమ్మల్ని ఒక్కసారి కూడా కొట్టలేదు, తిట్టలేదు. తిట్టేది మాటలను. ఆయన దగ్గర అట్టలు ఊడిపోయిన నిఘంటువు ఒకటి ఉండేది. మొదటి పేజీలను చెదలు తినేశాయి. దాన్ని ఒళ్లో పెట్టుకుని ఒక్కొక్క మాటనూ దొంగను విచారించినట్టు విచారించేవాడు. ఎక్కడ పుట్టావు, ఎవరింట్లో పెరిగావు, ఎవరికి చాకిరీ చేస్తున్నావు అని. అన్ని మాటల్లోకీ ఆయనకు బాగా పడనిది ఒకటుంది. బెగ్.

ఆ పాఠం చెప్పిన రోజు నాకు బాగా గుర్తు. బండ మీద బొగ్గుతో బెగ్ అని రాసి, చూపుడువేలితో దాన్ని పొడుస్తూ చెప్పాడు. బిచ్చమడిగితే బెగ్. తప్పు చేసి క్షమించమంటే బెగ్. తెల్లదొర కుక్క రొట్టెముక్క కోసం వెనక కాళ్ల మీద లేచి కూర్చుంటే దానికీ బెగ్గే. "నువ్వు చెప్పింది నేనొప్పుకోను అని మర్యాదగా అనాలన్నా, ముందు బెగ్ అని తర్వాత కాదనాలె. కచ్చేరికి కాయితం రాస్తే మొదటి వరుస అదే, ఆఖరు వరుసా అదే. ఇల్లు కాలిపోయిందని చెప్పాలన్నా చెప్పుకుంటానని ముందు బెగ్ చేయాలె!" అన్నాడు. దాని పుట్టుక గురించి పండితులకే సరిగ్గా తెలియదట. ఏదో దేశంలో ఊరూరా తిరిగే సన్యాసుల గుంపు పేరు నుంచి వచ్చిందని కొందరంటారట. అయితే ముందు బిచ్చగాడు అనే మాట పుట్టి, దాన్ని తుంచితే అడుక్కోవడం అనే క్రియ వచ్చిందని ఒక వాదం ఉంది. సారుకు అదే నచ్చింది. "చూసిండ్రా? ముందు మనిషిని బిచ్చగాణ్ణి చేసిండ్రు. ఆ పని తర్వాత నేర్పిండ్రు" అని బొగ్గుముక్కను విసిరికొట్టాడు.

నాకు ఆ మాట వింటుంటే వేరేది గుర్తొచ్చింది. మా ఊళ్లో దొరకు కూలి లేకుండా చేసే వెట్టి చాకిరీని బేగారి అనేవాళ్లు. "బెగ్ అంటే మన బేగారేనా సారూ?" అని అడిగాను. ఆయన నా వైపు తిరిగి, "కాదు సత్తెమ్మా. బేగారి పారసీ నుంచొచ్చింది. దీనికీ దానికీ చుట్టరికం లేదు" అన్నాడు. మళ్లీ ఆగి, "చుట్టరికం లేకున్నా రెండూ ఒక్క దొరింట్లనే బతుకుతున్నయి" అన్నాడు. మరి అడగడానికి ఇంగ్లీషులో మంచి మాటే లేదా అంటే, ఆస్క్ అని ఉందన్నాడు. నిఘంటువులో చూపించమన్నాను. "అది చెదల్లో పోయింది" అన్నాడు. ఆయన నవ్వగా చూసింది ఆ ఒక్కసారే. అదీ నవ్వులా లేదు.

పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు వానలకు ముందు మా ఇంటి మీదికి వచ్చింది ఈ గొడవ. కొత్త సర్కారు వచ్చింది, ఇక వెట్టి లేదని డప్పు వేయించి చాటారు. చాటిన పది రోజులకే దొర మనిషి మా వాకిట్లోకి వచ్చి, "దొర కొత్త ఇల్లు కడుతున్నడు. గుట్ట కాడ్నించి రాళ్లు తేవాలె. బండి కట్టు మల్లయ్యా" అన్నాడు. మా నాయిన కట్టాడు. కట్టకుండా ఎలా ఉండాలో ఆయనకు ఎవరూ నేర్పలేదు. మూడో రోజు ఎడ్లనూ బండినీ దొర కొట్టంలోనే ఉంచేసుకుని, నాయినను నడిపించి పంపారు. పని అయ్యాక ఇస్తారట. మిరుగం కార్తె వచ్చింది, వాన పడింది, పక్క చేలల్లో నాగళ్లు కదిలాయి. మా ఎడ్లు ఎర్రోడూ మచ్చోడూ రాళ్లు మోస్తూనే ఉన్నారు. నాయిన రోజూ పొద్దున దొర కొట్టం దాకా పోయి, బయటి నుంచి ఎడ్లను చూసి వచ్చేవాడు. మచ్చోడి మెడ పుండు పడిందని ఒక రోజు అమ్మతో చెప్పి, అన్నం ముందు నుంచి లేచిపోయాడు.

తాలూకా కచేరికి కొత్త అధికారి వచ్చాడనీ, పరాయి ప్రాంతం వాడు కనక ఇంగ్లీషు కాగితాలే చదువుతాడనీ తెలిసి, నాయిన వీరేశం సారు దగ్గరికి వెళ్లాడు. సారు అప్పటికప్పుడే కూర్చుని అర పేజీ రాశాడు. నేను ఫలానా మల్లయ్యను. నా ఎడ్లను ఫలానా దొర పట్టుకుపోయాడు, నా ఎడ్లు నాకు ఇప్పించాలని అడుగుతున్నాను. అంతే. ఆ కాగితం నాయిన ఊళ్లో ఒకరిద్దరికి చూపించాడు. మర్నాడు నన్ను వెంటబెట్టుకుని మళ్లీ సారు దగ్గరికి వెళ్లాడు.

"సారూ, అందరి కాయితాల్ల ఉండే మాటేదో మీ కాయితంల లేదంటున్నరు. జర పెట్టుండ్రి."

"పెట్టను. ఎడ్లు నీయి మల్లయ్యా. అడుగు. అడుక్కోకు."

"అడుక్కుంటే నాకేం పోతది సారూ? మిరుగం పోతున్నది. నా ఎడ్లు నాకొస్తే సాలు."

అప్పుడు సారు తన సంగతి చెప్పాడు. అంతకుముందు ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. "నా ఇంటామెకు జొరమొచ్చింది. రెండు దినాల రజా కావాలని బారిష్టరుకు రాసిన. ఒక్క కాయితంల ఐదుసార్లు బెగ్ రాసిన. ఆయన చదివిండు. ఒక్క కాడ ఎర్రగీత గీసి, ఇక్కడ వాక్యం తప్పింది, సాఫుగ రాసుకరమ్మన్నడు. కూసోని సాఫుగ రాసిన. సంతకం పడేటాళ్లకు పొద్దుగూకింది. ఇంటికి పోయేసరికి ఆమె పాణం పోయింది." కోటు పై గుండీని పట్టుకుని తిప్పుతూ ఉండిపోయాడు. "ఐదుసార్లు, మల్లయ్యా" అన్నాడు మళ్లీ. నాయిన ఆ కాగితాన్నే మడిచి రుమాలులో కట్టుకున్నాడు. "రేపు నేనూ వస్త. ఆ కాయితం ఎందుకు తీసుకోరో చూస్త" అన్నాడు సారు.

ముగ్గురం నడిచి వెళ్లాం. కచేరి వరండాలో బల్ల వేసుకుని కూర్చున్న గుమాస్తా కాగితం చదివి, కళ్లద్దాల మీంచి చూశాడు. "ఏందయ్యా ఇది? దరఖాస్తా, హుకుమా? సర్కారుకే హుకుం రాస్తవా?" అన్నాడు.

"ఎడ్లు ఎవరియో, ఎవరు పట్టుకపోయిండ్రో, అన్నీ ఉన్నయి గదా అందుల" అన్నాడు సారు.

"ఉన్నయి. మర్యాద లేదు. పద్ధతి ప్రకారం రాసుకరా."

సాఫుగా రాసుకురమ్మన్నట్టే వినిపించింది నాకు. సారుకు ఎలా వినిపించి ఉంటుందో చెప్పక్కర్లేదు. ఆయన మొహం నల్లబడింది. గిరుక్కున తిరిగి మెట్లు దిగి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు. నేను ఆయన నల్లకోటు మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను. ఆ రోజు గుమాస్తా మీద వచ్చిన కోపం కన్నా సారు మీద వచ్చిన కోపం ఎక్కువ. మమ్మల్ని తెచ్చి, నడిమధ్య వదిలేసి పోయాడు.

నాయిన గుమాస్తా ముందు చేతులు కట్టుకుని, "నా బిడ్డకు ఇంగిలీసు వస్తది. ఎట్ల రాయాల్నో చెప్పుండ్రి, రాస్తది" అన్నాడు. గుమాస్తాకు అది వేడుకగా అనిపించింది. సొరుగులోంచి నలిగిన నమూనా కాగితం ఒకటి తీసి నా ముందు పడేశాడు. పదమూడేళ్ల దాన్ని, వరండా గచ్చు మీద వంగి కూర్చుని, పేర్లు మాత్రం మార్చి, మిగతాదంతా ఎత్తి రాశాను. అందులో ఆ మాట మూడుసార్లు ఉంది. మూడుసార్లూ రాశాను. నాయిన బొటనవేలికి సిరా పూసి కింద అద్దారు. గుమాస్తా తీసుకుని, "గిట్లుండాలె" అన్నాడు.

పన్నెండో రోజున ఎడ్లు వచ్చాయి. అప్పటికి విత్తే అదను దాటిపోయింది. మచ్చోడు మెడ పుండుకు పురుగులు పట్టి, ఇంటికొచ్చిన వారానికే చచ్చిపోయాడు. ఆ ఏడు మా చేను బీడు పడింది. సర్కారు దయ తలిచిందని ఊళ్లో అన్నారు.

కచేరికి పోయొచ్చిన రోజు నుంచే నేను బండ దగ్గరికి పోవడం మానేశాను. మచ్చోడు చచ్చిన నాలుగో రోజు సాయంత్రం సారే మా ఇంటికి వచ్చి గడప బయట నిలబడ్డాడు. అమ్మ మంచం వేసినా కూర్చోలేదు.

"ఎన్నిసార్లు రాసినవ్?" అని అడిగాడు.

"మూడు. మీరు పోయినంక రాసిన" అన్నాను, కావాలనే.

ఆయన తల ఊపాడు. "ఇంకొక్క నిమిషం అక్కడుంటే నేనే రాసేటోణ్ణి, సత్తెమ్మా. చెయ్యి కలం దిక్కు పోయింది. గందుకే పోయిన. నా పౌరుషం కాపాడుకున్న, నీతోని రాయించిన. అది నా తప్పు." పెద్దవాడు చిన్నపిల్ల ముందు తప్పు ఒప్పుకోవడం నేను అంతకుముందు చూడలేదు. తర్వాత కూడా ఎక్కువసార్లు చూడలేదు. వెళ్లబోతూ, "ఆ మాట రాసినవని మీ నాయినకు చెప్పినవా? వేలు ఆయనది గదా" అన్నాడు.

చెప్పలేదు. ఆ రాత్రి నాయిన ఒంటరి ఎర్రోడికి గడ్డి వేస్తుంటే పక్కకు వెళ్లి నిలబడి, "నాయినా, నువ్వు అడుక్కుంటున్నవని రాసిన" అన్నాను. ఆయన గడ్డి వేస్తూనే అన్నాడు. "ఎరుకే బిడ్డా. నువ్వు రాసేటప్పుడు నా మొఖం దిక్కు ఒక్కసారి సూడలే. అప్పుడే ఎరుకైంది."

మర్నాడు నేను మళ్లీ బండ ఎక్కాను. సారు నన్ను మెట్రిక్ దాకా చదివించాడు. నేను పరీక్ష పాసైన ఏడాదే పోయాడు. తర్వాత నాకు ఉద్యోగం వచ్చింది, అదీ ఒక కచేరిలో, బల్లకు గుమాస్తా కూర్చునే వైపున. ముప్పై ఏళ్లు దరఖాస్తులు తీసుకున్నాను. చదువు రానివాళ్లు వస్తే నేనే రాసిపెట్టేదాన్ని. రాస్తున్నంతసేపూ మధ్యమధ్య తలెత్తి వాళ్ల మొహం చూసేదాన్ని. రాశాక తెలుగులో చదివి వినిపించి, తర్వాతే వేలిముద్ర తీసుకునేదాన్ని. ఒకసారి కొండాపూర్ వైపు నుంచి ఒక ముసలమ్మ వచ్చింది. ఆమె ఇంటి జాగా ఎవరో ఆక్రమించారు. బయట ఎవరితోనో రాయించుకొచ్చిన ఇంగ్లీషు కాగితం తెచ్చింది. మొదటి వరుస చదివి చెప్పగానే, "అడుక్కునుడేంది? జాగ నాది" అంది. ఆ మాట కొట్టేసి, అడుగుతున్నాను అని మార్చి పైకి పంపాను. పద్ధతిగా లేదని అధికారి వెనక్కి పంపాడు. నేను అలాగే మళ్లీ పంపాను. మూడుసార్లు తిప్పాడు, మూడుసార్లూ పంపాను. నాలుగోసారి విసుగెత్తి సంతకం పెట్టాడు.

అంతే. ఎవరి ఉద్యోగమూ పోలేదు, కచేరి కూలిపోలేదు. ఆ సాయంత్రం బస్సులో కూర్చుని ఏడ్చాను. బల్లకు ఈ వైపున ఒక్క మనిషి నాలుగుసార్లు మొండికేస్తే అయిపోయే పనికి మా నాయిన వేలికి సిరా పూశారు, నాచేత మూడుసార్లు రాయించారు, వీరేశం సారును మెట్లు దింపేశారు. ఆ రోజు కచేరిలో ఆ ఒక్క మనిషి లేడు. దాని మీద నాకున్న కోపం ఇప్పటికీ తగ్గలేదు.