కాదని చెప్పడం రాక

ఆదోనిలో పంతులుగా చేరిన కొత్తల్లోనే నాకు మంచి పేరొచ్చింది. ఆదివారం బడికి రమ్మన్నా, ఇంకొకరి క్లాసు తీసుకోమన్నా "అట్నే సార్" అనేవాణ్ణి. హెడ్మాస్టరు గారు నా అణకువ గురించి స్టాఫ్ రూములో అందరికీ పాఠంలా చెప్పేవారు. నాకు సిగ్గుగానూ ఉండేది, బాగానూ ఉండేది.

ఇంతలో ఎమర్జెన్సీ వచ్చింది. ఒక్కో టీచరు ఒక్కో మగమనిషిని కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌కు పట్టుకురావాలన్నారు హెడ్మాస్టరు. మా డ్రాయింగు మాస్టారు "నాతో కాదు సార్" అనేసి, సైకిలెక్కి వెళ్లిపోయాడు. ఆయన ఉద్యోగం ఊడుతుందని జాలిపడ్డాను.

నేను ఆస్పరి పక్క పల్లెలన్నీ తిరిగాను. నన్ను చూడగానే మగవాళ్లు చేలల్లోకి పరుగు. చివరికి ఎమ్మిగనూరులో మా చిన్నాన్న కొడుకు దొరికాడు. మగ్గం గుంటలోంచి లేవకుండానే, "నువ్వు సెప్తే కాదంటానా అన్నా" అన్నాడు. వాడికి ఒక్కతే బిడ్డ, ఆరు నెలలది.

బస్సులో "నొప్పి ఉంటాదా అన్నా?" అని ఒక్కసారి అడిగాడు.

"నీకిష్టమేనా?" అన్నాను.

"నా ఇష్టందేముండాది? పెద్దోనివి, నువ్వు సెప్తాండావు."

అచ్చం నేను మాట్లాడినట్టే ఉంది. వినలేకపోయాను. ఆదోనిలో దిగగానే వాణ్ణి తిరుగు బస్సెక్కమన్నాను. "అట్నే అన్నా" అని దానికీ ఒప్పుకున్నాడు.

నేరుగా ఆస్పత్రికి పోయి నా పేరే రాయించి, ఆపరేషన్ చేయించుకున్నాను. అప్పటికి మాకిద్దరు ఆడపిల్లలు.

ఇంటికొచ్చి చెబితే నా భార్య, "ఒక్క మాట నాతో సెప్పల్యా?" అంది.

"పెద్దాయనకు కాదని ఎట్ల సెప్పేది?"

"ఆయన ముందర నోరు రాల్యా, సరే. నన్ను అడక్కుండా పోనీకి మాత్రం యాడ్నుంచొచ్చింది ధైర్యం?"

డ్రాయింగు మాస్టారికి కనీసం మెమో కూడా రాలేదు.

ఎన్నికలయ్యాయి, ఢిల్లీలో ప్రభుత్వం మారింది. బలవంతాలేమైనా జరిగాయా అని విచారించడానికి ఒక అధికారి మా బడికి వచ్చాడు.

"మా బళ్లో అట్లాంటిదేమీ ల్యా సార్. ఈయన ఇష్టపడి పోయినాడు" అని హెడ్మాస్టరు నన్ను ముందుకు పిలిచారు.

"నిజమేనా?" అన్నాడు అధికారి.

డ్రాయింగు మాస్టారు నా మొహం వైపే చూస్తున్నాడు.

"నిజమే సార్" అన్నాను.

ఈ మాట మాత్రం ఇంట్లో చెప్పలేదు.