నైటీల బండికి రోగనిరోధక శక్తి

ఇన్నేళ్లూ నేను ఏమీ రాయకపోవడానికి కారణం ఒక్కటే, నాకు అక్షరాలు రావు. చిన్నప్పుడు నల్లగొండ పక్కన మా ఊళ్లో తమ్ముళ్లను ఎత్తుకోవడానికే నా చంకలు చాల్లేదు. పెళ్లయ్యాక ఎల్బీనగర్‌లో కిరాయి ఇళ్లు మారడంతోనే సరిపోయింది. చివరికి పదో తరగతి చదివే మనవరాలు నాకు చదువు చెప్పింది. పిల్లల వాచకం పట్టుకోవడానికి సిగ్గేసి, దాని సైన్సు పుస్తకమే ముందేసుకున్నాను. అందుకే నాకు "అల", "వల" కంటే ముందు "రోగనిరోధక శక్తి" వచ్చింది. ఆ ఒక్క మాటకే ఒక సాయంత్రం పట్టింది.

పాఠంలో ఉన్నది ఇదీ. కొత్త క్రిమి వస్తే ఒంటికి వెంటనే చేతకాదు. దాని ఆకారానికి సరిపోయే కణాల్ని వెతికి, పెంచుకోవడానికి కొన్ని రోజులు పడుతుంది. జబ్బు తగ్గాక వాటిలో కొన్ని ఆ క్రిమిని గుర్తుపెట్టుకుని ఉండిపోతాయి. అదే మళ్లీ వస్తే గుమ్మంలోనే పట్టుకుంటాయి. వేరే క్రిమి వస్తే మాత్రం వాటికి తెలియదు.

"గిదంతా మన దిల్‌సుఖ్‌నగర్ నైటీల బండాయన లెక్కనే గదనే!" అన్నాను మనవరాలితో.

మొదటిసారి వెళ్లినప్పుడు ఆయన, పాపం, స్టూల్ వేసి కూర్చోబెట్టి బండంతా విప్పి చూపించాడు. నేను బేరమాడి బేరమాడి ధర సగానికి దించాను. ఇప్పుడు నేను మెట్రో మెట్లు దిగుతుంటేనే సరుకు మీద పట్టా కప్పేస్తాడు.

"నీకు ఫిక్స్ రేటు పెద్దమ్మా, పో!"

పక్కనున్న ఆవిడకు మాత్రం నవ్వుకుంటూ అన్నీ పరుస్తాడు. మా చెల్లెల్ని పంపి చూశాను. దానిదీ నా ముక్కే కదా, దాన్నీ తరిమాడు.

కానీ బండి మీద చిలకాకుపచ్చ రంగులో ఒకే ఒక్క నైటీ మిగిలి ఉంది. నా ప్రాణమంతా దాని మీదే.

"మాస్క్ పెట్టుకొని పో నానమ్మా. వైరస్‌లు గట్లనే వేషం మారుస్తయి," అంది మనవరాలు.

ఆ సాయంత్రమే పెట్టుకుని వెళ్లాను. "ఎంతకిస్తవ్ బిడ్డా?" అన్నానో లేదో, "గొంతు మార్చుడు మర్చిపోయినవ్ పెద్దమ్మా!" అంటూ నైటీ వెనక్కి లాక్కున్నాడు.

ఇంటికొచ్చి చెబితే మనవరాలు పడీ పడీ నవ్వింది. "ఆయన మెమరీ సెల్స్ మస్తు గట్టిగున్నయ్. నువ్వు ఓడిపోయినవ్ పో."

మర్నాడు పొద్దున ఆయన ఇంకా బండి తాళ్లు విప్పకముందే వెళ్లి నిలబడ్డాను. రోజులో మొదటి బేరాన్ని, బోణీని, వెనక్కి పంపే ధైర్యం ఏ బండివాడికీ ఉండదు. ఆయన నన్ను చూసి తల పట్టుకున్నాడు.

"ఇయ్యాల బోణీ నువ్వేనా తల్లీ!"

బేరం తెగాక నైటీ చంకలో పెట్టుకుని, బండి అంచున వేలాడే చేతి రుమాళ్లు చూపిస్తూ, "కొసరుకు ఒక దస్తీ వెయ్యి బిడ్డా," అన్నాను.